సైకిలు చక్రమునకు గట్టి రిమ్మును ఎన్నుకొనుట

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోవు పెద్దబాట మీద సైకిలు నడుపువానికి రిమ్మును గూర్చిన చింత అంతగా నుండదు. కర్నూలు నుండి కడప వైపు సాగు 40వ నంబరు జాతీయ రహదారి యది. చక్రము నున్నగా సాగిపోవును. చింత యంతయు ఆ బాట దిగి శిరివెళ్ల, గోస్పాడు, రుద్రవరము, ఉయ్యాలవాడ మండలముల లోపలి పొలము దారులలో ప్రవేశించిన పిమ్మట ఆరంభమగును. వానకాలమున నల్లరేగడి బురద. వేసవిలో ఆ బురదయే ఎండి రాయివలె బిగిసిన ట్రాక్టరు గాడులు. తూర్పున నల్లమల వైపునకు పోయినకొలది గులకరాళ్లు. ఈ మూడును చక్రమును మూడు విధములుగా పరీక్షించును. మన పల్లెలలో కొందరు రింగు అనియు, కొందరు రిమ్ము అనియు పిలుచు ఆ లోహపు వలయమే ఈ పరీక్షలో ముందుగా ఓడిపోవుచుండును.

మోటారు సైకిళ్లు ఇంటింటికి వచ్చిన ఈ దినములలో సైకిలు రిమ్మును గూర్చి ఇంత చర్చ యేల యని కొందరు అడుగవచ్చును. తెల్లవారుజామున పాలబిందెలు తగిలించుకొని పట్టణమునకు వచ్చువారు, ఊరి బడిలో పై తరగతులు లేనందున ప్రక్క గ్రామమునకు పోవు బాలబాలికలు, నాట్లకు కలుపులకు పోవు కూలీలు, కాలువ గట్ల వెంబడి నీరు కట్టబోవు రైతులు నేటికిని సైకిలునే నమ్ముకొనియున్నారు. పాలు తెచ్చువాని వెనుక చక్రము దారిలో వంకరపోయెనా, ఆ దినపు పాలు విరిగిపోవును. రిమ్ము వెల పైబడును. దూరపు బడికి పోవు బాలిక సైకిలు పది దినములు మూలబడినచో ఆమె చదువే మూలబడిన సందర్భములను మేము మా పర్యటనలలో వినియున్నాము. కావున ఇది అల్పవిషయమని మేము తలంచుటలేదు.

ముందుగా సైకిలు చక్రము బరువును ఎట్లు మోయునో తెలిసికొనవలెను. ఎడ్లబండి చక్రము మనకందరకు తెలిసినదే. దానికి నడుమ కుండ, కుండ నుండి బయలుదేరిన ఆకులు, ఆకుల చివర పూటీలు, పూటీల పైన ఎర్రగా కాల్చి ఎక్కించిన ఇనుప పట్టా. పట్టా చల్లారి ముడుచుకొన్నప్పుడు చక్రమంతయు బిగిసిపోవును. బండి బరువు ఏ క్షణమున చూచినను నేలవైపు నున్న ఆకు మీద నిలిచియుండును. ఆ ఆకు స్తంభమువలె బరువును మోయును. సైకిలు స్పోకు అట్టిది కాదు. రెండు మిల్లీమీటర్ల లావు గల తీగ స్తంభమువలె నిలువజాలదు. లాగుటయే దానికి తెలిసిన పని. అందుచేత చక్రము కట్టునప్పుడే స్పోకులనన్నిటిని ముందుగా బిగించి, రిమ్మును అన్ని దిక్కుల నుండి నడుమకు లాగియుంచెదరు. గట్టిగా కట్టిన అల్లాయి చక్రమున ఒక్కొక్క స్పోకు లాగుడు 80 మొదలు 100 కిలోల బరువునకు సమానముగా నుండును. 36 స్పోకుల లాగుడును కూడినచో అది మూడు టన్నులకు దాదాపుగా గాని, అంతకు మించి గాని యగును. మనము పైన కూర్చుండకముందే రిమ్ము ఇంత ఒత్తిడిని భరించుచున్నదన్నమాట.

బరువు పడినప్పుడు నేలను తాకుచున్న చోటి మూడు నాలుగు స్పోకుల బిగువు కొంత తగ్గును. తక్కినవాటి బిగువులో చెప్పదగిన మార్పు కలుగదు. అమెరికా దేశపు ఇంజనీరు జాబ్స్ట్ బ్రాండ్ట్ 1981లో ప్రకటించిన తన గ్రంథమున ఈ సంగతిని లెక్కలతో వివరించియున్నాడు. మనకు దీని వలన తెలియవలసిన దేమన, వదులుగా కట్టిన చక్రమున ఆ క్రింది స్పోకులు గోతిలో పడినప్పుడెల్ల పూర్తిగా సడలిపోవును. సడలినప్పుడు నిప్పిలు తనంతట తాను తిరిగి మరింత వదులగును. వదులైన చోట రిమ్మును పట్టియుంచు దిక్కు లేక అది వంగును. రిమ్ము చెడిపోయినదని మనము కంపెనీని నిందింతుము గాని, తప్పు చాలమారులు చక్రము కట్టిన చేతిలో నుండును. మంచి రిమ్మును కొని, దానిని తొందరపాటుగా కట్టించుట కంటె సామాన్యమైన రిమ్మును నేర్పరిచేత కట్టించుట మేలని మా అభిప్రాయము.

ఈ బురద, గాడి, రాయి మన దేశమునకే ప్రత్యేకము కాదు. ఐరోపా ఖండమున సైక్లోక్రాస్ అను పందెమొకటి గలదు. శరత్కాలమునను శీతకాలమునను పొలములు, తోపులు, ఇసుక దిబ్బల మీదుగా సాగు ఈ పందెమున బురద మోకాలి బంటి యున్నచోట సైకిలును భుజముపై వేసికొని పరుగెత్తెదరు. ఇరువదవ శతాబ్దారంభమున ఫ్రాన్సు దేశమున ఇది రూపుదాల్చినది. 1950లో పారిస్ నగరమున జరిగిన తొలి ప్రపంచ పోటీలో జాన్ రోబిక్ అను ఫ్రెంచివాడు గెలిచెను. కె.సి. కాలువ గట్టు మీద కార్తెల వానలో సైకిలును భుజాన మోసికొని పోవు మన రైతు తాను సైక్లోక్రాస్ ఆడుచున్నాననుకొనడు గాని, రిమ్ముకు కలుగు కష్టము మాత్రము రెండుచోట్ల నొకటియే. ఆ పందెగాండ్ర అనుభవములో మనకు పనికివచ్చునవి రెండు గలవు. మొదటిది, వారు అతి తేలికైన రోడ్డు పందెపు రిమ్ములను నమ్మక, ప్రక్క దెబ్బలకు ఓర్చు దృఢమైన పెట్టె ఆకారపు రిమ్ములను వాడుదురు. రెండవది బ్రేకును గూర్చినది. దానిని ముందు చెప్పెదము.

నేడు మన అంగళ్లలో దొరకు రిమ్ములను ముఖ్యముగా మూడు జాతులుగా విభజింపవచ్చును. ఒకటి ఉక్కు రిమ్ము. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్సు, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సంస్థలు ఏర్పడి, నల్లని పెద్ద సైకిలును దేశపు మూలమూలలకు పంపిన నాటి నుండి మన పల్లెలకు పరిచయమైన దిదియే. అట్లాస్ వారి చివరి కర్మాగారము 2020లో మూతపడినను ఆ సైకిళ్లు ఇంకను తిరుగుచునేయున్నవి. ఉక్కు రిమ్ము బరువైనది. క్రోమియము పూత లేచినచోట త్రుప్పు పట్టును. కాని దాని గొప్ప గుణ మొకటి గలదు: వంగిన ఉక్కును తిరిగి వంచవచ్చును. సొట్టపడిన రిమ్మును మూలనున్న చిన్న అంగడివాడు సైతము సుత్తితోను, కొయ్యదిమ్మతోను సవరించి ఆ పూటకు సాగనంపగలడు.

రెండవది ఒంటి పొర గల అల్లాయి రిమ్ము. ఇది చూచుటకు తెల్లగా మెరయుచుండును, తేలికగా నుండును, త్రుప్పు పట్టదు. అల్యూమినియము బరువు అంతే పరిమాణము గల ఉక్కు బరువులో దాదాపు మూడవ వంతు మాత్రమే. అయితే పలుచని ఒంటి పొర రాతి దెబ్బకు సొట్టపడును. ఆ సొట్టను తీయబోయినచో పగులును. అల్యూమినియము రెండుమూడు మారులు అటునిటు వంచుటకు ఓర్వదు. పొలము దారులలో బరువు మోయువారికి దీనిని మేము సిఫారసు చేయజాలము.

మూడవది రెండు పొరల అల్లాయి రిమ్ము. దీనిని అడ్డముగా కోసి చూచినచో లోపల బోలుగా, పెట్టెవలె కనబడును. స్పోకు నిప్పిళ్లు లోపలి గోడను పట్టుకొనియుండును. టైరు పై గోడ మీద కూర్చుండును. వెదురు బొంగు అంత తేలికగా నుండియు ఎందుకు వంగదో ఈ రిమ్మును ఆ కారణము చేతనే వంగదు. గేరు సైకిళ్లకును, కొండబాటల సైకిళ్లకును వచ్చున దిదియే. నిప్పిలు రంధ్రములకు చిన్న ఉక్కు కన్నులు బిగించిన రకము దొరకినచో మరియు మంచిది. ఏలయన అల్లాయి రిమ్ములలో పగుళ్లు తరచుగా ఆ రంధ్రముల చుట్టునే ఆరంభమగును.

ఇవి గాక స్పోకులు లేకుండ మూడు లేక అయిదు రెక్కలతో ఒకే అచ్చున పోత పోసిన చక్రములు ఇటీవల యువకుల మనసును ఆకర్షించుచున్నవి. అవి బండికి అందము తెచ్చుననుటలో సందేహము లేదు. కాని ఒక్కమారు వంగినచో వాటిని సరిచేయు మార్గము లేదు, చక్రమంతయు మార్చవలసినదే. నంద్యాల వీధులలో తిరుగుటకు సరే గాని, చాగలమర్రి పొలములకు అవి తగవు. పందెగాండ్రు వాడు కార్బను రిమ్ముల మాట మనకు అవసరము లేదు.

ఇక స్పోకుల సంఖ్య. పాత పెద్ద సైకిళ్లకు ముందు చక్రమున 32, వెనుక 40 స్పోకు లుండుట ఆచారము. ఇది ఆలోచించి చేసిన ఏర్పాటు. సైకిలు మీద మనిషి కూర్చున్నప్పుడు బరువులో సగము కంటె ఎక్కువ వెనుక చక్రము మీదనే పడును. క్యారియరు మీద వేసిన బరువు దాదాపు పూర్తిగా దానిదే. 2018 నుండి యూరియా బస్తా 45 కిలోలకు తగ్గినదని కొందరు రెండేసి బస్తాలు కట్టుచున్నారు. అట్టివారు 40 స్పోకుల వెనుక చక్రమును విడిచి, చూపునకు నాజూకైన 28 స్పోకుల చక్రమునకు పోవుట ఎంతమాత్రము తగదు. గేరు సైకిలు కొనువారు 36 స్పోకులకు తగ్గకుండ చూచుకొనవలెను. రిమ్ము రంధ్రముల సంఖ్యయు, హబ్బు రంధ్రముల సంఖ్యయు ఒక్కటిగా నుండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు గాని, అంగడికి పోవునప్పుడు లెక్కపెట్టుకొని పోనివారు చాలమంది. గేరు సైకిలు వెనుక చక్రమున కుడివైపు పళ్లచక్రముల కొరకు చోటు విడువవలసినందున ఆవైపు స్పోకులు ఎక్కువ బిగువుగాను, ఎడమవైపువి తక్కువ బిగువుగాను నుండును. ఎడమవైపు స్పోకులే ముందుగా వదులగును. నెలకొకమారు వాటిని చేతితో పట్టి చూచుట మంచిది.

కొలతల విషయమున జరుగు మోసము, లేక పొరపాటు, మరియొకటి గలదు. ఇరువదియారు అంగుళముల టైరనగా ఒక్కటే కొలత యని మనవారి నమ్మకము. అది నిజము కాదు. 26 అంగుళముల పేరుతో 559 మిల్లీమీటర్ల రిమ్మును గలదు, 590 మిల్లీమీటర్ల రిమ్మును గలదు. ఒకదాని టైరు రెండవదానికి ఎక్కదు. అట్లే 28 అంగుళముల పాత పెద్ద సైకిలు రిమ్ము 635 మిల్లీమీటర్లు కాగా, నేటి గేరు సైకిళ్లలో కొన్నిటికి వచ్చు 700 సి రకపు రిమ్ము 622 మిల్లీమీటర్లు. ఈ పదమూడు మిల్లీమీటర్ల భేదము కంటికి తెలియదు. తెలిసికొను ఉపాయము సులభము: టైరు ప్రక్కన 40-635, 47-559 అనునట్లు రెండు సంఖ్యలు అచ్చు వేసియుండును. మొదటిది టైరు వెడల్పు, రెండవది రిమ్ముపై టైరు కూర్చుండు చోటి వ్యాసము, రెండును మిల్లీమీటర్లలోనే. రెండవ సంఖ్య సరిపోయినగాని డబ్బు ఇయ్యరాదు. వెడల్పును గూర్చి ఒక మాట: సన్నని రిమ్మునకు మిక్కిలి లావు టైరును తొడిగినచో మలుపులలో టైరు ప్రక్కకు ఒరగును. లోపలి వెడల్పు 19 మిల్లీమీటర్లు గల రిమ్మునకు 35 మొదలు 45 వరకు గల టైరు చక్కగా కుదురును. మన బాటలకు అంతకంటె సన్నని టైరు పనికిరాదు.

క్రొత్త రిమ్మును కొనునప్పుడు పరీక్షించుటకు యంత్రములు అక్కరలేదు. మన జిల్లాలో బేతంచెర్ల నాపరాయి పరవని అరుగు అరుదు. సమముగా నున్న ఆ బండ మీద రిమ్మును పరుండబెట్టి వ్రేలితో అంచును నలువైపుల నొక్కవలెను. ఎక్కడను ఆడక, చుట్టును బండను తాకియున్నచో అది వంకర లేని రిమ్ము. టకటకమని ఊగినచో అంగడివానికే తిరిగి ఇచ్చివేయుట ఉత్తమము; స్పోకులు బిగించి సరిచేసెదనని అతడు చెప్పినను నమ్మరాదు, పుట్టు వంకరను బిగువుతో దాచిన రిమ్ము మొదటి గోతిలోనే తన నైజమును చూపును. పిదప అతుకును చూడవలెను. గాలి ముక్కు రంధ్రమునకు సరిగా ఎదుటివైపున రిమ్ము రెండు కొనలను కలిపిన అతుకు ఉండును. వ్రేలిగోటితో దానిపై రాచినప్పుడు మెట్టు తగులరాదు. మెట్టు తగిలినచో బ్రేకు పట్టిన ప్రతిసారియు అచ్చట కుదుపు కలుగును. చివరకు రంధ్రముల అంచులు గరుకుగా లేకుండుటను చూచిన చాలును.

కట్టిన చక్రమును పరీక్షించుట మరియు సులభము. శిల్పులు రాయిని సుత్తితో తట్టి, ఆ నాదమును బట్టి లోపలి పగులును కనుగొను విద్య ఆళ్లగడ్డ వారికి క్రొత్త కాదు. స్పోకుల విషయమునను చెవియే సాక్షి. ఒకవైపు స్పోకులను వరుసగా వ్రేలితో మీటినచో అన్నియు ఇంచుమించు ఒకే స్వరమున పలుకవలెను. నడుమ నొకటి బొంగురుగా పలికినచో అది వదులుగా నున్నది. ఆ చోటనే రేపు బెండు వచ్చును. క్రొత్తగా కట్టిన చక్రమును నూరు నూటయేబది కిలోమీటర్లు నడిపిన పిమ్మట మరల ఒకమారు బిగింపజేయవలెను. స్పోకుల తలలు హబ్బులో కుదురుకొనుటకు ఆ మాత్రము నడక కావలెను. మనవారు ఈ రెండవ బిగింపును మానుటచే ఎన్ని మంచి రిమ్ములు పాడగుచున్నవో చెప్పజాలము.

బ్రేకును గూర్చి ముందు చెప్పెదమంటిమి. నల్లని పెద్ద సైకిలు కడ్డీ బ్రేకు రిమ్ము లోపలి ముఖమును, అనగా హబ్బువైపు ముఖమును, పట్టును. అందుచేత రిమ్ము ప్రక్కకు కొంత వంగినను బ్రేకు పనిచేయుచునే యుండును. మన బాటలకు ఆ ఏర్పాటు ఎంతో అనుకూలించినది. తీగ బ్రేకు, అనగా కత్తెరవలె ఇరుప్రక్కల నుండి నొక్కునది, రిమ్ము ప్రక్క గోడలను పట్టును. బురదతో కూడిన ఇసుక రబ్బరునకు అంటి, ఆకురాయివలె ఆ గోడలను అరగదీయును. అల్లాయి రిమ్ము గోడ ఒక మిల్లీమీటరు కంటె పలుచనైనచో దానిని వాడుట ప్రమాదము. గాలి ఒత్తిడికి గోడ విచ్చి, పోవుచుండగనే టైరు బద్దలు కావచ్చును. గోడ మీద ఒక కొలబద్దను నిలిపి చూచినప్పుడు నడుమ గుంటపడి కనబడినచో కాలము సమీపించినదని గ్రహింపవలెను. ఉక్కు రిమ్మునకు ఈ అరుగుడు తక్కువ గాని, వేరొక దోషము గలదు: తడిసిన క్రోమియము మీద రబ్బరు జారును. వానలో బండి ఆగుటకు పొడి బాట మీద పట్టుదానికంటె ఎంతో ఎక్కువ దూరము పట్టును. ఎగువ అహోబిలము నుండి వానలో దిగువకు దిగు యాత్రికులు ఈ సంగతిని మనసున నుంచుకొని, దిగుడు మొదలగుటకు ముందే బ్రేకును తేలికగా పట్టి రిమ్ము తడిని తుడుచుకొనుచు రావలెను.

సైక్లోక్రాస్ పందెములలో 2010లో డిస్కు బ్రేకులను అనుమతించిరి. హబ్బు వద్ద నున్న బిళ్లను పట్టు ఈ బ్రేకు వలన రిమ్మునకు అరుగుడు లేదు. రిమ్ము కొంత వంగినను, బురద అంటినను బ్రేకు ఆగదు. మన అంగళ్లలోను డిస్కు బ్రేకు గల సైకిళ్లు విరివిగా దొరకుచున్నవి. అయితే ఈ బ్రేకు శక్తియంతయు హబ్బు నుండి స్పోకుల మీదుగనే రిమ్మును చేరవలెను గనుక, ఇట్టి చక్రమునకు స్పోకులు తక్కువగా నుండరాదు. స్పోకులు హబ్బు నుండి నిటారుగా గాక ఒకదానినొకటి దాటుచు ఏటవాలుగా కట్టబడియుండవలెను.

ఎంత గట్టి రిమ్మునైనను చంపునది గాలిలేని టైరు. సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ మన దారులలో ఎక్కడ లేవు? పంక్చరు పడినను మరి రెండు మైళ్లే గదా యని బరువుతో నట్లే నడుపుకొని వచ్చినచో, రిమ్ము అంచు ప్రతి రాతిని నేరుగా తాకును. పంక్చరు కూలి మిగిలినట్లు కనబడును. రిమ్ము, టైరు, ట్యూబు మూడును పోవును. గాలి తక్కువైనప్పుడు రాతికిని రిమ్మునకును నడుమ ట్యూబు నలిగి, పాము కాటువలె ప్రక్కప్రక్కన రెండు రంధ్రములు పడును. ట్యూబులో అట్టి జంట రంధ్రములు కనబడినచో అది ముల్లు వలన కలిగినది కాదు. రిమ్మునకు దెబ్బ తగిలినదని ఆ చోటను వ్రేలితో తడిమి చూచుకొనవలెను. టైరు ప్రక్కన గాలి ఎంత యుండవలెనో అచ్చు వేసియుండును. బరువు మోయుదినమున ఆ పరిమితికి దగ్గరగాను, ఒంటిగా బురదలో పోవుదినమున కొంత తగ్గించియు ఉంచుకొనవలెను.

గాడుల మాట యొకటి మిగిలినది. చక్రము పైనుండి పడు బరువును బాగుగా మోయును గాని ప్రక్క నుండి వచ్చు తోపునకు ఓర్వలేదు. ఎండిన రేగడి గాడిలో ముందు చక్రము చిక్కుకొన్నప్పుడు హ్యాండిలును బలిమితో త్రిప్పి వెలికి తీయబోయిన యెడల రిమ్ము అప్పడమువలె మెలిపడును. దిగి, ఎత్తి, గట్టు మీద పెట్టుకొనుట ఒక్క నిమిషపు పని.

బెండు కొద్దిగా నున్నప్పుడే తీయించుట వలన ఖర్చు స్వల్పము. రిమ్ము అగ్గిపుల్ల మందము మాత్రము అటునిటు ఆడుచున్నచో స్పోకులను బిగించి, వదలి సరిచేయవచ్చును. పూర్తిగా మెలిపడి ఎనిమిది అంకెవలె తిరిగిన అల్లాయి రిమ్మును సరిచేయించుట వలన ప్రయోజనము లేదు. హబ్బు మంచిదైనచో దానిని ఉంచుకొని రిమ్మును, స్పోకులను క్రొత్తవి వేయించుకొనవలెను. రంధ్రము చుట్టు వెంట్రుకవాసి పగులు కనబడినను అంతే. ఉక్కు రిమ్మును మాత్రము త్రుప్పు తినువరకు వాడుకొనవచ్చును. టైరు మార్పించునపుడు లోపలి రబ్బరు పట్టీని ఎత్తి చూచినచో త్రుప్పు ఎంత దూరము వచ్చినదో తెలియును. నిప్పిలు రంధ్రముల ద్వారా దిగిన నీరు లోపల నిలిచి, పై మెరుపు చెడకముందే అడుగును తినివేయుచుండును. వానకాలము ముగిసిన పిదప ఒక్కొక్క నిప్పిలుకు ఒక్కొక్క చుక్క నూనె వేసి, బ్రేకు పట్టు చోట నూనె అంటకుండ పొడి గుడ్డతో తుడిచి, సైకిలును పశువుల పాకలో గాక పొడిగా నున్న వసారాలో నిలుపవలెను. పాకలోని మూత్రపు చెమ్మ క్రోమియము పూతను, స్పోకుల పూతను తినివేయును.